పాత కూర్పుల కెంత గడువు?

సాఫ్ట్‌వేరు లోకమున ఏండ్ల తరబడి తెగని తగవు ఒకటి కలదు. ఒక ప్రోగ్రాము తనకాధారమైన లైబ్రరీల పాత కూర్పులను ఎంతకాలము మోయవలెను? ఏ దినమున దింపివేయవలెను? పైకి చూచుటకు ఈ ప్రశ్న స్వల్పమైనది. ఆ వృత్తివారు తమలో తాము తీర్చుకొనవలసిన విషయముగ తోచును. కాని యోచించి చూచినచో ఇందు మనుష్యుల శ్రమ, ధనము, విశ్వాసము మూడును ఇమిడియున్నవి. రైలు టిక్కెట్టు మొదలు ఆసుపత్రి చీటీ వరకు, బ్యాంకు ఖాతా మొదలు పరీక్షా ఫలితముల వరకు నేడు సర్వమును ప్రోగ్రాముల మీదనే నడచుచున్నది. వాని క్రింది పునాది ఏ క్షణమున తొలగింపబడునో తెలియనిచో దానిపై ఇల్లు కట్టుకొన్నవాని గతి యేమి? ఆ పునాదిని ఉచితముగ మోయుచున్నవాని నడుము విరిగినచో అందరి గతి యేమి? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పగల నియమమే న్యాయమైన నియమమని మా తలంపు.

లైబ్రరీ యన నేమి?

ఇక్కడ లైబ్రరీ యనగా గ్రంథాలయము కాదు. అనేక ప్రోగ్రాములకు సమానముగ కావలసిన పనిని ఒక్కసారి చక్కగ వ్రాసి, అందరును వాడుకొనుటకు వీలుగ నుంచిన భాగమునకు ఆ పేరు. అది ఊరి చెరువు వంటిది. ఎవరి పొలము వారిదే యైనను నీరు మాత్రము ఆ చెరువునుండియే రావలెను. గట్టు తెగినచో ఒక పొలము గాదు, ఆయకట్టంతయు మునుగును; గట్టు ఒక్కచోట పూడ్చినచో ఆయకట్టంతయు బాగుపడును.

తెలుగువారికి దీనిని బోధించుటకు దూరపు దృష్టాంతము అక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞ" అను సంయుక్తాక్షరమునకు కంటికి కనబడని యొక గుర్తును, దీర్ఘమును చేర్చి పంపినంతమాత్రముననే ఐఫోనులలోని ప్రోగ్రాములు కూలిపోయిన వార్త లోకమంతట వ్యాపించెను. సందేశముల ప్రోగ్రాము గాని, ఇతర ప్రోగ్రాములు గాని చేసిన తప్పు అందేమియు లేదు. అక్షరములను తెరపై చిత్రించు ఉమ్మడి లైబ్రరీయందు ఒక దోషముండెను. దానిపై నాధారపడిన ప్రోగ్రాములన్నియు దానితోపాటు పడిపోయెను. ఆ నెల 19 వ తేదీన ఆపిల్ కంపెనీ ఐఓఎస్ 11.2.6 కూర్పును విడుదల చేయగా ఆ బాధ తీరెను. తప్పు ఒక్కచోట, దిద్దుబాటు ఒక్కచోట, ఫలము కోట్ల మందికి. లైబ్రరీ యొక్క ప్రయోజనమును అపాయమును ఇంతకంటె క్లుప్తముగ చెప్పుట కష్టము.

పుస్తకములకు ప్రథమ ముద్రణము, ద్వితీయ ముద్రణము ఉన్నట్లే లైబ్రరీలకును కూర్పులుండును. ప్రతి కూర్పునందును కొన్ని దోషములు సవరింపబడును. కొన్ని సౌకర్యములు చేర్పబడును. అప్పుడప్పుడు కొన్ని పాత పద్ధతులు తీసివేయబడును. ఈ మూడవదియే తగవునకు మూలము. తీసివేసిన పద్ధతిని నమ్ముకొన్న ప్రోగ్రాము క్రొత్త కూర్పుతో నడవదు. కావున దాని యజమాని పాత కూర్పునే పట్టుకొనును. ఇతర ప్రోగ్రాములు గూడ దానిని అంగీకరింపవలెనని కోరును.

మోయుట యన నేమి?

పాత కూర్పును వదలక యుంచుటకు ఖర్చేమున్నదని కొందరడుగుదురు. "ఉన్నదానిని ఉంచుటకు శ్రమ యేల?" అని వారి వాదము. ఇది తెలియక చేయు వాదము. ఒక కూర్పునకు మద్దతిచ్చుచున్నామని ప్రకటించుట యనగా, ప్రతి మార్పును ఆ కూర్పుతోగూడ పరీక్షించి చూచెదమని మాట యిచ్చుట. ఒక ప్రోగ్రాము పైథాను భాష యొక్క ఐదు కూర్పులకును, ఒక గణిత లైబ్రరీ యొక్క నాలుగు కూర్పులకును మద్దతిచ్చుచున్నదనుకొందము. పరీక్షింపవలసిన జంటలు 20. విండోసు, మాక్, లినక్సు అను మూడు వ్యవస్థలపైనను పరీక్షింపవలెనన్నచో 60. ఇంకొక లైబ్రరీ మూడు కూర్పులతో వచ్చి చేరినచో 180. కూర్పులు కూడికగా పెరిగినను శ్రమ గుణకారముగా పెరుగును. వడ్డీ లెక్క తెలిసినవారికి దీని భారము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది కంటికి కనబడు ఖర్చు. కనబడని ఖర్చు వేరొకటి కలదు. పాత కూర్పును మోయువాడు క్రొత్త సౌకర్యమును వాడుకొనజాలడు. 2016 డిసెంబరులో వెలువడిన పైథాను 3.6, వాక్యములో విలువలను నేరుగ పొదుగు సులభమైన రీతి నొకదానిని తెచ్చెను. నాడు 3.5 కూర్పును గూడ మోయుచుండిన లైబ్రరీల కర్తలు, ఆ సౌకర్యము కన్నులయెదుట నున్నను, దాని నంటక పాతరీతినే వ్రాయవలసివచ్చెను. అందరిలోను మెల్లగ నడచువాని అడుగే అందరి అడుగగును. పిమ్మట, ఈ పని చేయువారిలో పెక్కుమంది జీతగాండ్రు కారు. పగలు ఉద్యోగము చేసికొని రాత్రులయందు స్వచ్ఛందముగ పనిచేయువారు. వారి గంటలు పరిమితములు. పదేండ్లనాటి కూర్పుకొరకు వెచ్చించిన గంట, నేటి దోషమును సవరించుటకు మిగులదు.

పైథాను పాఠము

ఈ విషయమున లోకమునకు గొప్ప పాఠము నేర్పినది పైథాను భాష. 2008 డిసెంబరు 3 వ తేదీన పైథాను 3.0 వెలువడెను. అది పూర్వపు కూర్పులతో పొసగదని దాని కర్తలే స్పష్టముగ చెప్పిరి. పాత పైథానులో మూడును రెండుచే భాగించినచో ఒకటి వచ్చెడిది. క్రొత్తదానిలో ఒకటిన్నర వచ్చును. ఇట్టివి పెక్కు మార్పులు. వానిలో ముఖ్యమైనది అక్షరములను గూర్చినది. "తెలుగు" అను మాట ఎంత పొడవని అడిగినచో పాత పైథాను సాధారణముగ 18 అని చెప్పెడిది. ఏలన అది అక్షర సంకేతములను గాక, వానిని నిలువచేసిన బైట్లను లెక్కించెడిది. క్రొత్త పైథాను 6 అని చెప్పును: త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము. ఆంగ్లమున అక్షరమొకటి బైటొకటి యగుటచే ఆంగ్లము మాత్రమే వ్రాయువానికి ఈ భేదము తట్టలేదు. తెలుగు, హిందీ, అరవము, చీనా, జపాను భాషలు వ్రాయువారికి మాత్రము అడుగడుగున తట్టెను. పాతదానిని వదలుట వట్టి వేడుక కొరకు కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. కొన్ని మార్పులు పాతవారికి కష్టమును గలిగించియే క్రొత్తవారికి న్యాయము చేయగలవు.

అయినను లోకము కదలలేదు. 2010 జూలై 3 వ తేదీన పాత శాఖలో తుది ప్రధాన కూర్పుగ 2.7 వెలువడెను. దానికి 2015 వరకు గడువని మొదట నిర్ణయించిరి. గడువు సమీపించునప్పటికి లక్షలకొలది ప్రోగ్రాములు ఇంకను పాతదానిపైననే యుండెను. అందుచే 2014లో ఆ గడువును 2020 వరకు పొడిగించిరి. ఊరక పొడిగించి కూర్చుండలేదు, వంతెనలు గట్టిరి. ఒకే ప్రోగ్రాము రెండు పైథానులలోను నడచుటకు "సిక్స్" అను లైబ్రరీ నొకరు వ్రాసిరి. రెండును మూడును గుణించిన ఆరగును గదా, ఆ పేరునకు అదియే కారణము. యూనికోడు పదములకు ముందు పెట్టు గుర్తును 3.0 లో తీసివేసియుండగా, ప్రోగ్రాములను మార్చువారి శ్రమ తగ్గించుటకై 2012 నాటి 3.3 లో దానిని మరల అంగీకరించిరి. తీసివేసినదానిని తిరిగి నిలుపుట కర్తలకు చిన్నతనము కాదు. దారి నడచువారి కాళ్ల నొప్పి తెలిసినవారు చేయు పని యది.

వంతెన గట్టిన పిమ్మట గడువు నిలిచెను. 2017 ఏప్రిలులో ఐపైథాను 6.0 పైథాను 2 ను విడిచెను. ఆ సంవత్సరము డిసెంబరులో జాంగో 2.0 విడిచెను, కాని దానికి ముందటి 1.11 కూర్పును 2020 ఏప్రిలు వరకు కాపాడెదమని జాంగోవారు మాట యిచ్చిరి. సంఖ్యాగణితమునకు ఆధారమైన నంపై లైబ్రరీ వారు 2017లోనే తమ యుద్దేశమును ప్రకటించి, 1.16 కూర్పును పైథాను 2 వారికి తుది ఆశ్రయముగ నుంచి, 2019 జూలై నాటి 1.17 నుండి విడిచిరి. 2020 లోపల అందరమును విడిచెదమని అనేక ప్రాజెక్టులవారు ఉమ్మడిగ ప్రతిజ్ఞ చేసిరి. 2020 జనవరి 1 వ తేదీతో గడువు తీరెను. ఏప్రిలు 20 న తుది కూర్పు 2.7.18 వెలువడి, ఆ శాఖ ముగిసెను.

పదకొండేండ్ల ఈ చరిత్రనుండి మేము గ్రహించునవి రెండు. తేదీ మాత్రము చెప్పి దారి చూపకపోయినచో ఎవరును కదలరు; ఇది మొదటిది. దారి చూపిన తరువాతను తేదీ జరుగుచునే యున్నచో అప్పుడును ఎవరును కదలరు, ఇది రెండవది.

పాతదానిని పట్టుకొన్నవారి పక్షము

అట్లని పాత కూర్పులను వాడువారందరు సోమరులని నిందించుట తగదు. ఇది క్రొత్తను మాత్రమే యెరిగిన యువకులు తరచు చేయు పొరపాటు. ప్రయోగశాలయందు ఒక యంత్రమునకు దాని తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాము ఒక్క పాత వ్యవస్థపైననే నడచును. యంత్రము లక్షల విలువ చేయును. ఆచార్యుడు దానిని పారవేయజాలడు. ఆసుపత్రి గాని, బ్యాంకు గాని ఒక వ్యవస్థను మార్చవలెనన్నచో మాసములకొలది పరీక్షింపవలెను. పెద్ద సంస్థలు స్థిరత్వము కొరకే ధనమిచ్చి దీర్ఘకాలపు వ్యవస్థలను కొనును. రెడ్ హ్యాట్ వారి ఎంటర్‌ప్రైజ్ లినక్సు 7 అట్టిది. 2014 జూనులో వెలువడి, 2024 జూను 30 వరకు సాధారణ సంరక్షణము నొందెను. పైథాను 2.7 దానితోనే వచ్చెను. ఆ యంత్రముపై పనిచేయు గుమాస్తాకు గాని, విద్యార్థికి గాని దానిని మార్చు అధికారము లేదు.

ఇట్టివారిని చెప్పకయే వదలినచో ఏమగునో 2024 ఆరంభమున లోకము చూచెను. ప్రోగ్రాములు వ్రాయువారు మిక్కిలిగ వాడు విజువల్ స్టూడియో కోడ్ అను సాధనము తన 1.86 కూర్పుతో, దూరపు యంత్రములపై పనిచేయుటకు లినక్సునందలి జీలిబ్‌సీ అను మూల లైబ్రరీ 2.28 గాని, అంతకు పైది గాని ఉండవలెనని నియమించెను. 2.28 వెలువడినది 2018లో. కాని రెడ్ హ్యాట్ 7 లో నున్నది 2.17, ఉబుంటు 18.04 లో నున్నది 2.27. సాధనము తనంతట తానే క్రొత్త కూర్పునకు మారుటచే, నిన్నటి సాయంకాలము వరకు సాగిన పని మరునాటి ఉదయమునకు నిలిచిపోయినవారు పెక్కుమంది. వారు మొరపెట్టగా మైక్రోసాఫ్టు వారు దిద్దుకొని, కొలది దినములలోనే పాత యంత్రములను మరల అంగీకరించి, సుమారు ఒక సంవత్సరము గడువిచ్చిరి. 2025లో ఆ మద్దతును ముగించిరి. తీర్పు మారలేదు, తీర్పునకు ముందు నోటీసు మాత్రము చేరెను. ఆ యొక్క సంవత్సరము మొదటనే యిచ్చియున్నచో ఆ యలజడి యుండెడిదే కాదు.

విపత్తు వచ్చిన వేళ

ఈ తగవు శాంతికాలమున వాదముగ నుండును, విపత్కాలమున ప్రాణసంకటమగును. 2021 డిసెంబరులో జావా భాషయందలి లాగ్‌ఫోర్‌జే అను లైబ్రరీలో ఘోరమైన భద్రతా దోషము బయటపడెను. ప్రోగ్రాములు తమ దినచర్యను వ్రాసికొనుటకు వాడు చిన్న లైబ్రరీ యది. పరులు పంపిన ఒక్క వాక్యమును తన చిట్టాలో వ్రాసికొన్నంతమాత్రముననే యంత్రము పరాధీనమగు స్థితి ఏర్పడెను. దానిని కాపాడుచున్న స్వచ్ఛంద సేవకులు ఆ నెలలోనే 2.15 మొదలు 2.17.1 వరకు వరుసగ నాలుగు కూర్పులను విడుదల చేయవలసివచ్చెను. అంతటితో తీరలేదు. జావా 7 ను విడువనివారికొరకు 2.12 శాఖలోను, 2006 నాటి జావా 6 ను విడువనివారికొరకు 2.3 శాఖలోను వేరువేరుగ మరమ్మతులు చేసిరి. గోరుచుట్టుపై రోకటిపోటన్న సామెత ఇట్టి సమయమునకే పుట్టినది. నిద్రాహారములు మాని నేటి దోషమును సవరించువారిపై పదునైదేండ్లనాటి భారము గూడ పడెను. వారు దానిని మోసిరి; అది వారి ఔదార్యము. ఔదార్యమును హక్కుగ నెంచుట వాడుకొనువారికి తగదు.

పాతదెల్లప్పుడు అపాయకరము, క్రొత్తదెల్లప్పుడు క్షేమకరము అని మేము చెప్పుట లేదు. 2014 ఏప్రిలులో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను రహస్యలిపి లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అను దోషము వెల్లడియయ్యెను. అది 2012 నాటి 1.0.1 కూర్పుతో ప్రవేశించినది. అంతకు పూర్వపు 0.9.8, 1.0.0 కూర్పులకు ఆ దోషమే లేదు. క్రొత్తదానికి పరుగెత్తినవారు చిక్కుకొనిరి. వెనుక నిలిచినవారు తప్పించుకొనిరి. కాని దీనినుండి "కదలకుండుటయే క్షేమ"మని నేర్చుకొన్నవాడు తప్పుపాఠము నేర్చుకొన్నట్లే. 1.0.1 వారికి మరమ్మతు వెంటనే లభించెను. ఏలన దానిని కాపాడువారు మేలుకొనియుండిరి. ఎవరును కాపాడని పాత కూర్పులో దోషము బయటపడినచో మరమ్మతు చేయువాడే లేడు. కూర్పు వయస్సుకంటె దానికి కాపలాదారున్నాడా లేడా యనునదియే ముఖ్యము.

మరమ్మతు లభించియు వేసికొననివారి సంగతి గూడ చెప్పవలసియున్నది. 2017 మే నెలలో వానాక్రై అను దుష్టప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లను స్తంభింపజేసెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతము దాని వాతబడెను. ఆ దోషమునకు మరమ్మతును మైక్రోసాఫ్టు వారు ఆ మార్చి నెలలోనే ఇచ్చియుండిరి. 2014లోనే గడువు తీరిన విండోసు ఎక్స్‌పీకి సైతము ఉపద్రవమును చూచి ప్రత్యేకముగ మరమ్మతు నిచ్చిరి. కాపాడువాని బాధ్యత ఎంత యున్నదో వాడువాని బాధ్యత అంత యున్నది.

కాలనియమము

ఇట్టి తగవులను ప్రతిసారియు క్రొత్తగ పోరాడి తీర్చుకొనుటకంటె ముందుగనే ఒక కాలనియమమును విధించుకొనుట మేలని విజ్ఞులు గ్రహించిరి. పైథాను భాషకు 2020 నాటి 3.9 నుండి ఏటేట ఒక కూర్పు వెలువడుచున్నది; ప్రతి కూర్పునకును మొదట సాధారణ దోషముల దిద్దుబాటు, పిమ్మట భద్రతా మరమ్మతులు మాత్రమే, మొత్తము ఐదు సంవత్సరముల ఆయుర్దాయము. 2019లో నంపై మొదలగు విజ్ఞానశాస్త్ర లైబ్రరీలవారు తమలో నొక నియమమును ఏర్పరచుకొనిరి. గడచిన 42 మాసములలో వెలువడిన పైథాను కూర్పులకును, గడచిన 24 మాసములలో వెలువడిన నంపై కూర్పులకును మద్దతు. అంతకు పాతవానికి క్రొత్త విడుదలలలో లేదు. పిమ్మట ఆ శాస్త్రలోకమువారే సైంటిఫిక్ పైథాను అను ఉమ్మడి వేదికపై దానిని సవరించి, పైథానునకు మూడేండ్లు, ముఖ్య లైబ్రరీలకు రెండేండ్లు అని నిర్ణయించిరి.

ఈ నియమమందలి గుణము దాని పొడవులో లేదు, దాని నిశ్చయములో నున్నది. ఎవరిని అడుగకయే, క్యాలెండరు చూచి, ఏ కూర్పు ఏ నెలలో పోవునో బాలుడైనను చెప్పగలడు. వాదములు తగ్గును. ఒక లైబ్రరీవారు ముందు వదలి, వేరొకరు తరువాత వదలి, మధ్యవారు నలిగిపోవు దుస్థితి తప్పును.

"భాషకు ఐదేండ్ల ఆయువుండగా లైబ్రరీలు మూడేండ్లకే వదలుట అన్యాయము గదా?" అని కొందరందురు. ఈ యాక్షేపణ విచారింపదగినది. వదలుట యనగా చెరిపివేయుట కాదు. నిన్నటి విడుదల నిన్నటివలెనే అందుబాటులో నుండును. రేపటి విడుదల మాత్రమే పాతవారికి పనిచేయదు. 2016 నవంబరులో వెలువడిన పిప్ 9 నాటినుండి, ఏ విడుదల ఏ పైథానునకు తగునో ఆ విడుదలయే తెలుపును. పాత పైథానుగలవాడు స్థాపింపబోయినచో వానికి తగిన తుది విడుదలయే వచ్చును, కూలిపోవు క్రొత్తది రాదు. ఈ చిన్న యేర్పాటు లేకపోయినచో రెండేండ్ల నియమము క్రూరమే యగును. ఇది యుండుటచే, పాతవాడు తన యింట తాను సుఖముగ నుండవచ్చును. ఎదుటివాని క్రొత్త యింటికి పాత తాళపుచెవి పట్టవలెనని మాత్రము కోరజాలడు.

మా యభిప్రాయము

పూర్వోక్త విషయములన్నిటిని పర్యాలోచించి మేము ఈ క్రింది నిర్ణయములకు వచ్చుచున్నాము.

మొదటిది. అందరికిని ఒకే గడువు తగదు. పునాదిరాయి మెల్లగ కదలవలెను. పైకప్పు పెంకు త్వరగ మార్చవచ్చును. వేలకొలది ప్రోగ్రాములకు ఆధారమైన రహస్యలిపి, అక్షరచిత్రణము, సంఖ్యాగణితము వంటి మూల లైబ్రరీలు దీర్ఘమైన గడువు నీయవలెను. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 కూర్పునకు 2018 సెప్టెంబరు 11 మొదలు 2023 సెప్టెంబరు 11 వరకు సరిగ ఐదేండ్లిచ్చిరి. అది మెచ్చదగిన మర్యాద. ఎవరికిని ఆధారము కాని చివరి ప్రోగ్రాములు తమ వాడుకరుల యవసరమునుబట్టి నిర్ణయించుకొనవచ్చును.

రెండవది. నోటీసు లేని త్యాగము త్యాగము కాదు, ద్రోహము. తేదీని కనీసము ఒక సంవత్సరము ముందుగ ప్రకటింపవలెను. ప్రోగ్రాము నడచునపుడే హెచ్చరిక కనబడవలెను. పాతవారికి చివరి ఆశ్రయముగ ఒక కూర్పును నిలిపి, దానికి కొంతకాలము భద్రతా మరమ్మతులైనను చేయవలెను. జాంగో 1.11, నంపై 1.16 చూపిన మార్గమిదియే.

మూడవది. కారణము లేక వదలరాదు. పాత కూర్పును మోయుటవలన శ్రమయు లేక, దానిని వదలుటవలన లాభమును లేక, కేవలము అంకె పెంచుకొను వేడుకకై కనీస కూర్పును పెంచువారు కలరు. ఒక పల్లెలోని పాఠశాలయందు పాత కంప్యూటరు ముందు కూర్చున్న బాలునికి ఆ వేడుకవలన కలుగు నష్టము వారెరుగరు. గడువు తీరుట వదలుటకు అనుమతియే గాని ఆజ్ఞ కాదు.

నాల్గవది. గడువు తీరిన పిమ్మటను పాతదానిని కోరువారు దాని మూల్యము చెల్లింపవలెను. పాత వ్యవస్థలను ధనమునకు అమ్మి, ఆ ధనమును తాము గ్రహించి, వానిపై వచ్చు చిక్కులను తీర్చుటకు స్వచ్ఛంద సేవకుల తలుపు తట్టుట అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లుండును. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ వారు గడువు తీరిన కూర్పులకు ధనమిచ్చువారికి మాత్రమే ఒప్పందముమీద మరమ్మతులిచ్చు పద్ధతిని పెట్టుకొనిరి. ఇందు నిందింపదగినది లేదు. పాతదానిని కాపాడుటకు పనివాండ్రున్నారు. పనికి వెల యున్నది.

ఐదవది. ప్రభుత్వములు, విశ్వవిద్యాలయములు, ఆసుపత్రులు ప్రోగ్రాములు కొనునపుడు నేటి ధరను మాత్రమే చూచుచున్నవి. దానికాధారమైన లైబ్రరీలేవి, వాని గడువులెప్పుడు తీరును, తీరిన పిమ్మట మార్చువారెవరు, మార్చుటకు ధనమెక్కడిది అను నాలుగు ప్రశ్నలు ఒప్పందపత్రముననే యుండవలెను. చెరువు త్రవ్వించి పూడిక తీయుటకు నిధి యుంచనివాడు పుణ్యము సగమే సంపాదించినాడు.

ముగింపు

ఈ రంగమున తెలుగువారు కొలదిమంది కారు. హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను, అమెరికా మొదలగు విదేశములలోను ప్రోగ్రాములు వ్రాసి జీవించువారిలో మనవారనేకులు కలరు. వారిలో పెక్కుమంది పాత వ్యవస్థలను కాపాడుటయే వృత్తిగ గలవారు. పాత కూర్పు పెట్టు బాధయు, దానిని త్రోసివేసిన కలుగు బాధయు రెండును వారికి స్వానుభవములే. ఉభయపక్షముల కష్టమును ఎరిగినవారు గనుక ఇట్టి నియమములు ఏర్పడు చోట వారి మాట వినబడవలెను. ఉచితముగ లభించిన లైబ్రరీపై తమ కంపెనీ సంపాదించినదానిలో కొన్ని గంటల శ్రమనైనను ఆ లైబ్రరీకి తిరిగి యిప్పించుట వారి చేతిలోని పని.

పాతదానిని శాశ్వతముగ మోయుట దయ కాదు. మోయువాడు కూలినచో దానిపై నున్నవారందరు కూలుదురు. పాతదానిని చెప్పకయే విసరివేయుట పురోగతి కాదు. నమ్మినవాని నోటిలో మన్ను కొట్టుటయే. తేదీని ముందుగ చెప్పి, దారిని చూపి, చెప్పిన తేదీన నిలిచినచో ఉభయులకును గౌరవము దక్కును. లైబ్రరీని కాపాడువారు తమ మాట నిలుపుకొనుదురు గాక. దానిని వాడువారు ఆ మాట విని మేలుకొందురు గాక.